కొత్త కొయ్యకు పసుపు

అశ్విత చెయ్యి స్తంభం మీద జారిన చోట పోయినవారం కథ ఆగింది. ఆత్మకూరు మైదానంలో ఉదయగిరి ఆడపిల్లల ఖోఖో జట్టు మొట్టమొదటిసారి జిల్లా సెమీఫైనల్ ఆడుతోంది. కలువాయి పిల్ల ఒకతె తప్పించుకుని స్తంభం చాటుకు తిరిగింది. ఆమెను అంటుకోవడానికి అశ్విత ఎప్పటిలాగే ఎడమచేత్తో స్తంభాన్ని చుట్టి ఒళ్ళంతా గాలిలోకి విసిరింది. ఆ దూకుడు చూడ్డానికే కొండాపురం నుంచి కూడా జనం వచ్చారు. పట్టు నిలవలేదు. అశ్విత భుజం నేలకు గుద్దుకున్న చప్పుడు మైదానం ఆ చివరిదాకా వినిపించింది.

కలువాయి జట్టు డ్రిల్లు సారు మాధవ్ పరుగున వచ్చి, స్తంభాన్ని తడిమి, వేళ్ళు వాసన చూసుకుని అంపైరు ముందు చాచాడు.

"నూనె," అన్నాడు.

ఆ మాట మైదానం చుట్టూ ఒక తిరుగుడు తిరిగి వచ్చేసరికి దానికి కాళ్ళూ కొమ్ములూ మొలిచాయి. అవతలి పిల్లలు జారిపడాలని ఉదయగిరి వాళ్ళే పూశారన్నారు. తీసిన గోతిలో వాళ్ళ పిల్లే పడిందన్నారు. అంపైర్లు స్తంభాలను ఎర్రమట్టితో రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆట కొనసాగించారు. అశ్విత లేకుండానే ఉదయగిరి గెలిచింది. గెలిచిన పిల్లలు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. మాధవ్ ఫిర్యాదు ఇచ్చాడు. సాయంత్రం నాలుగింటికి విచారణ అన్నారు.

ఆ స్తంభాలు ఉదయగిరి నుంచి వచ్చినవే. ఆత్మకూరులో ఉన్న పాత స్తంభాలు చెదలు పట్టి ఊగుతుంటే, మా ఊళ్ళో చేయించుకొస్తానని ముందుకొచ్చింది ఆ జట్టును తయారుచేసిన సుజాత మేడమే. చేసినవాడు అల్లాబకాష్. తాతల నాటి నుంచి కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే ఇంటివాడు. జట్టు కెప్టెన్ షబ్నం అతని కూతురు.

ఆసుపత్రి వరండాలో సుజాత గోడకు ఆనుకుని నిలబడింది. భుజం దగ్గర ఎముక విరిగిందని ఎక్స్‌రే చూసి డాక్టరు చెప్పాడు. అతుక్కుంటుంది గానీ ఈ ఏడాదికి ఆట మాట మరిచిపొమ్మన్నాడు. అశ్విత అవ్వ రోశమ్మకు ఆ మాట చెప్పే పని సుజాత మీదే పడింది. రోశమ్మ ఏడవలేదు. బెంచీ మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఎదురుగా నిలబడ్డ అల్లాబకాష్ వైపే చూస్తోంది.

చెరువులో చేపలు పట్టే ఇంటి మనిషి రోశమ్మ. కొడుకు శీనయ్యను ఆ చెరువే తీసుకుంది. కోడలు పుట్టింటికి పోయి మళ్ళీ రాలేదు. మిగిలిన మనవరాలిని తనే సాకింది. ఆడపిల్ల నిక్కరేసుకుని ఎగరడమేందని రెండేళ్ళు సుజాతను గడప తొక్కనివ్వలేదు. తొలిసారి ఈవారమే మెత్తబడింది. పిల్లలతోపాటు బస్సెక్కి ఆత్మకూరు వచ్చి, రాత్రి వాళ్ళతోనే బడి వరండాలో పడుకుంది. చూద్దామని వచ్చిన ఒక్క ఆట ఇట్లా అయింది.

"ఏం సాయిబూ," అంది రోశమ్మ, గొంతు పెంచకుండానే. "గరిటెకు పూసినట్టు దానికి గూడా పూసినావా?"

అల్లాబకాష్ తలెత్తలేదు. కొయ్యపొడి కూరుకుపోయిన వేళ్ళను ఒకదానితో ఒకటి రుద్దుకుంటున్నాడు. ఉదయగిరిలో ఆ పని తెలియనివాళ్ళు లేరు. చెక్కి, ఆకురాయి పట్టి, నున్నగా నూరాక చివర నూనెగుడ్డతో ఒక తుడుపు తుడిస్తేగాని గరిటె గడప దాటదు. అందుకే ఎవరికీ అనుమానం కూడా రాలేదు. సుజాతకూ రాలేదు. చేతులకు అలవాటైన పని, మనిషి వద్దన్నా చేతులు చేసి ఉంటాయి అనుకుంది. అనుకున్నకొద్దీ ఆమెకు అతని మీద కోపం, తన మీద అంతకు రెట్టింపు కోపం వస్తున్నాయి.

"నీ కూతురు బాగుండాది. నా బిడ్డ ఆడ మంచం మీద ఉండాది," అంది రోశమ్మ. "చేపలు పట్టే ఇంట్లో పుట్టినదాన్ని, తిట్టడం రాక కాదు. తిడితే ఆ పిల్ల వింటాదని."

"తిట్టమ్మా," అన్నాడు అల్లాబకాష్. ఆ మాట వెంటే దగ్గు తెర వచ్చింది. కొయ్యపొడి పీల్చి పీల్చి పట్టిన దగ్గు అది. రెండు చిన్న దగ్గులు, కాస్త ఆగి ఒక పెద్దది. నోటికి తువాలు అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగాడు.

రోశమ్మ కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఏదో గుర్తు తెచ్చుకోబోయి ఆగినట్టు కనిపించింది. అప్పటికి సుజాత దాన్ని పట్టించుకోలేదు.

లోపల అశ్విత మెలకువగానే ఉంది. కుడి భుజానికి కట్టు కట్టి చేతిని మెడకు వేలాడేశారు. గెలిచామా అని మొదట అడిగింది. గెలిచామన్నాక, రేపు తన జాగాలో ఎవరు దూకుతారని అడిగింది. సుజాత ఏదో ఒకటి చెప్పి, పక్కన కూర్చుని, పిల్ల ఎడమచెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

అరచేతి గీతల్లో పసుపు ఉంది. గోళ్ళ కింద కూడా ఉంది. డాక్టరు రాసిన మందేమో అనుకుని సుజాత ఆ చేతిని ముక్కు దగ్గరకు తెచ్చుకుంది. మందు కాదు, వంటింటి పసుపే. నూనెలో కలిపిన పసుపు.

ఇది ఎక్కడిదని అడిగితే పిల్ల కూడా వింతగా చూసుకుంది. "పొద్దున అవ్వ కాళ్ళకు పసుపు రాస్తానని ఎంటబడింది మేడం. సాక్సులు పాడైతాయని నేనే రాయనీలా. చేతికి యాడ అంటుకుందో తెల్దు."

సుజాత ఆ చేతిని మంచం మీద మెల్లగా పెట్టింది. వచ్చేటప్పుడు బస్సులో ఈ పిల్లే నవ్వుతూ చెప్పిన మాటలు ఇప్పుడు ఒక్కొక్కటిగా గుర్తొస్తున్నాయి. వాళ్ళ ఇళ్ళలో కొత్త తెప్ప నీళ్ళలోకి దించే ముందు దాని మొగానికి నూనెలో కలిపిన పసుపు పూస్తారు. ఏ కొత్త కొయ్యా పసుపు తాకకుండా పనిలోకి దిగదు. శీనయ్య ఒక్కడే, కొత్త తెప్ప చేయించుకున్న రోజు, ఇవన్నీ ముసలమ్మల చాదస్తమని నవ్వి నీళ్ళలోకి తోసుకుపోయాడు. ఆ మధ్యాహ్నం తెప్ప ఒక్కటే ఒడ్డుకు వచ్చింది. అప్పటినుంచి అవ్వ ఇంట్లోకి కొత్త రోకలి వచ్చినా, కొత్త పీట వచ్చినా పసుపు పూయకుండా ఉండదని, ఆఖరికి తన పరీక్ష అట్టకు కూడా పూసిందని చెప్పి అశ్విత పకపకా నవ్వింది. వెనక సీట్లోంచి ఒక ముసలి గొంతు, నవ్వు నవ్వు అని గొణగడం కూడా గుర్తొచ్చింది.

రెండు కొత్త కొయ్యలు మైదానంలో నిలబడి ఉంటే, మనవరాలు వాటి మీదికి దూకబోతుంటే, రోశమ్మ ఊరుకుని ఉంటుందా?

ఆ కొయ్య రంగే గంధం రంగు. పసుపు దాని మీద కనపడదు. మాధవ్ వేళ్ళకు అంటినది కూడా కొయ్య రంగే అనుకుని ఉంటారు. ఆ తర్వాత అంపైర్లు ఎర్రమట్టి రుద్దేశారు.

సుజాత బయటికి వచ్చేసరికి అల్లాబకాష్ ఆవరణలో కుళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. ఆమె నీళ్ళు ఆగేదాకా నిలబడింది.

"అన్నా, నువ్వు పూయలేదు గదా," అంది.

అతను తువాలుతో మొహం తుడుచుకోవడం ఆపలేదు. తుడిచిన మొహాన్నే మళ్ళీ తుడుచుకున్నాడు. పిల్ల చేతి నిండా పసుపు ఉందని సుజాత చెప్పాక తువాలు భుజం మీద వేసుకుని కుళాయి గట్టు మీద కూర్చున్నాడు.

తెల్లారగానే స్తంభాల కుదుళ్ళు గట్టిపడ్డాయో లేదో చూద్దామని మైదానానికి పోయాడట. గేటు దాటేసరికి రోశమ్మ కనిపించింది. ఒక స్తంభానికి పూయడం అయిపోయింది, రెండోదానికి పూస్తోంది. కళ్ళు మూసుకుని కొడుకు పేరు, మనవరాలి పేరు చెప్పుకుంటోంది. ఇతనికి దగ్గు ఆగలేదు. ఆమె తిరిగి చూసేలోపల గోడ చాటుకు తప్పుకున్నాడు.

"ఆయమ్మ పొయినాక తుడుద్దామని గుడ్డ గూడా తీసినాను మేడం. చెయ్యి రాలేదు. ఒకామె దండం పెట్టుకుని పూసిన పసుపు. సాయిబు వచ్చి తుడిచేసినాడంటే ఎట్టుంటాది? ఎవురన్నా చూస్తే ఏమనుకుంటారు? ఎవురూ చూడకపొయినా, నాకు నేను ఏమని చెప్పుకునేది?"

సుజాత కూడా గట్టు మీద అతని పక్కన కూర్చుంది.

"ఎండ ముదిరేలోపల కొయ్య పీల్చుకుంటాదిలే అనుకున్నా," అన్నాడు అతను. "పీల్చలా. నున్నగా ఉండాలని మీరు చెప్తిరి. మాయింటిది, నేను, షబ్నం మార్చి మార్చి నూరినాం. నూనె దిగను సందు యాడుండాది? అదొక్కటి నాకు తోచలా."

ఇదంతా విచారణలో చెప్పమంది సుజాత. ఎవరూ కుట్ర చెయ్యలేదు, ముసలామె పూజ చేసుకుంది, పడింది ఆమె మనవరాలే. వింటే అర్థం చేసుకోని మనిషి ఉండడు. అతను అడ్డంగా తలూపాడు. ఆమె చెబుతున్నంతసేపూ ఊపుతూనే ఉన్నాడు.

"పూయనందుకు కొడుకు పొయినాడని ఆయమ్మ నమ్ముతా ఉండాది. పూసినందుకు మనవరాలు పడిందని తెలిస్తే ఇంక దేన్ని పట్టుకుని బతుకుతాది మేడం? నన్ను తిడతా ఉండాదే, అది మేలు. తిట్టను ఒక మనిషుండాడు ఆయమ్మకు."

"జట్టు మీదికి వస్తుంది అన్నా."

"నా మీదికే వస్తాది. నేను చేసినోణ్ణి. గరిటెల సాయిబు అలవాటున పూసినాడంటే ఎవురైనా నమ్ముతారు. మీరు గూడా నమ్మితిరి గదా."

ఆ ఆఖరి మాట అతను నొప్పించాలని అనలేదు. అయినా సుజాతకు గుచ్చుకోవలసిన చోటే గుచ్చుకుంది.

విచారణ బడిలో టీచర్లు కూర్చునే గదిలో పెట్టారు. పోటీలు నడిపే పెద్ద సురేశ్‌బాబు నెమ్మదస్తుడు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైనవాడు. ఆయన పక్కన ఇద్దరు అంపైర్లు. మాధవ్ లేచి, తన పిల్ల కూడా అంతకుముందు జారిందనీ, మోకాలు దోక్కుపోవడంతోనే బయటపడిందనీ చెప్పాడు. అరవలేదు. అరిచి ఉంటే సుజాతకు కాస్త సుఖంగా ఉండేది.

"పడింది వాళ్ళ పిల్లేనని అందరూ జాలి పడతా ఉండారు సార్. నాకూ జాలే. మా పిల్ల ఎముక విరిగుంటే ఇదే జాలి ఉండునా? స్తంభాలు చేసింది వాళ్ళ కెప్టెన్ నాయన. ఈ ఒక్క ముక్క రాసుకోండి చాలు."

సురేశ్‌బాబు అల్లాబకాష్‌ను పిలిచి, నూనె సంగతి అడిగాడు.

"నేనే పూసినాను సార్. గరిటెలు చేసే చెయ్యి. అలవాటున పూసినాను. పిల్లలకు గాని మేడంకు గాని తెల్దు."

తలుపు దగ్గర జట్టు అంతా గుంపుగా నిలబడి ఉంది. అందులోంచి షబ్నం ముందుకు వచ్చింది. మోకాళ్ళకు పొద్దుటి పట్టీలు ఇంకా తియ్యలేదు.

"లేదు సార్. ఇంట్లో అమ్మీ నూనెగుడ్డ అందిస్తే అబ్బానే వద్దన్నాడు. పిల్లల చేతులు జారతాయి, దీనికి పూయకూడదు అన్నాడు. నేను అక్కడే ఉండాను."

"చుప్ బేటీ," అన్నాడు అల్లాబకాష్. గదిలో అందరికీ వినిపించేంత గట్టిగా అన్నాడు. సురేశ్‌బాబు వైపు తిరిగి, "పిల్లది సార్. నన్ను కాపాడాలని చెప్తా ఉండాది," అన్నాడు.

షబ్నం తండ్రిని చూసింది. పుట్టి బుద్ధెరిగినాక తండ్రి నోట అబద్ధం వినడం ఆ పిల్లకు అదే మొదలు. అది అబద్ధమని తెలిసిన రెండో మనిషి తానేనని సుజాతకు తెలుసు.

అంపైర్లూ సురేశ్‌బాబూ తలలు దగ్గర పెట్టుకుని కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. దెబ్బ తిన్నది ఉదయగిరి పిల్లే కాబట్టి గెలుపు కొట్టేయడం లేదన్నాడు. రేపు ఫైనల్ ఆడొచ్చన్నాడు. గుంపులో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అయితే తప్పు చేసినట్టు ఒప్పుకున్నది కెప్టెన్ తండ్రి. ఇంత జరిగాక ఆ అమ్మాయిని ఆడిస్తే రేపు ఏ జట్టూ తమ మాట వినదు. షబ్నం ఫైనల్ ఆడదు. రాష్ట్రజట్టుకు పంపే పేర్లలో ఆమె పేరు ఉండదు.

ఆయన మాటల్లో కక్ష లేదు. న్యాయంగానే చెప్పాడు. తన ముందు పెట్టినదాన్ని బట్టి అంతకంటే న్యాయం ఎవరూ చెయ్యలేరు.

అల్లాబకాష్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఇది అతను లెక్కలోకి తీసుకోలేదని సుజాతకు అర్థమైంది. తన మీదికే వస్తుందనుకున్నాడు. తను ఎత్తుకున్న బరువు ఇంకొకరి నెత్తిన దిగుతుందని అనుకోలేదు. పోయిన ఏడాది ఇదే ఎంపికల రోజున షబ్నం టైఫాయిడ్‌తో మంచం మీద ఉంది. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఆ పిల్లకు ఉన్నది ఈ ఒక్క మైదానం, రేపటి ఒక్క పొద్దు. అతని పెదవులు కదిలాయి. ఇప్పుడు చెబుతాడు అనుకుంది సుజాత. చెప్పలేదు. కూతురి వైపు చూడకుండా, "సరే సార్," అన్నాడు.

ఒకప్పుడు సుజాత కూడా రాష్ట్రజట్టులో ఉంది. ఆట మొదలైనప్పటినుంచి ముగిసేదాకా బెంచీ మీద కూర్చుని, ఉతికిన బట్టలు ఉతికినట్టే ఇంటికి తెచ్చుకుంది. ఒక్క ఖో తన వీపు మీద పడితే చాలని ఎంతగా కాచుకుందో తనకు తెలుసు. అదే బెంచీ మీద ఇప్పుడు ఈ పిల్లను, తనకు నిజం తెలిసి కూడా, తన చేతులతో కూర్చోబెట్టాలి. లేదంటే నోరు తెరవాలి. తెరిస్తే, కొడుకు పోయినదానికి ఒక కారణం చెప్పుకుని ఇన్నేళ్ళు నిలబడిన మనిషిని నిలువునా పడగొట్టాలి. అల్లాబకాష్ ఆమెను చూశాడు. వద్దని కళ్ళతోనే అన్నాడు. షబ్నం కూడా ఆమెనే చూసింది. ఆ పిల్ల ఏమీ అడుగుతున్నట్టు లేదు. మోకాలి పట్టీ విప్పుకోవడానికి వంగింది, అంతే.

ఆ వంగడం చూసి సుజాత లేచింది.

"సార్, ఒక్క మాట—"

తలుపు దగ్గర పిల్లలు పక్కకు జరిగారు.

రోశమ్మ వచ్చింది. ఎండలో ఆసుపత్రి నుంచి నడిచే వచ్చినట్టుంది, కాళ్ళకు చెప్పులు లేవు. చేతిలో తడిగుడ్డ ఉంది. మనవరాలి చేతులు తుడిచిన గుడ్డ. దాని మధ్యలో ఐదు వేళ్ళ పసుపు అచ్చు గుద్దినట్టు దిగింది.

ఎవరమ్మా నువ్వు అని సురేశ్‌బాబు అడిగాడు. ఆమెకు వినపడలేదో, విన్నా అక్కరలేదో. నేరుగా బల్ల దగ్గరకు నడిచి, అల్లాబకాష్ చేతుల పక్కన ఆ గుడ్డను పరిచింది. ముడతలు కూడా సరిచేసింది. మాధవ్ లేచి చూశాడు. అంపైరు ఒకతను వంగి వాసన చూసి, తలెత్తి, పక్కనున్న అంపైరు వైపు చూశాడు.

అల్లాబకాష్‌కు దగ్గు వచ్చింది. ఆపుకోవాలని తువాలు నోటికి అదుముకున్నాడు. ఆగలేదు. రెండు చిన్నవి, కాస్త ఆగి ఒక పెద్దది.

రోశమ్మ ఆ దగ్గు పూర్తయ్యేదాకా ఓపిగ్గా విన్నది. తలూపింది.

"పొద్దున నా ఎనకాల దగ్గింది నువ్వే గదా సాయిబూ," అంది. ఆమె గొంతులో ఇంతకుముందటి కోపం లేదు. అది ఉన్నా బాగుండేది. "నేను పూస్తా ఉంటే చూసినావు. చూసి గూడా, నా బిడ్డ దాని మీదికి దూకేదాకా, ఎందుకు తుడవలేదు?"

గది అంతా అల్లాబకాష్ వైపు తిరిగింది. అతను మొదటిసారి తలెత్తి కూతురి కళ్ళలోకి చూశాడు.